నీళ్లు రాకముందే పరీక్ష

మార్చి 3

మరిదిగారికి,

మీ వదిన కుర్చీలో కూలబడి రాస్తున్నది. క్షేమ సమాచారాలు తర్వాత. ముందు మా ల్యాబ్ కంప్యూటర్‌ని నువ్వు ఏం చేసి వెళ్లావో చెప్పు.

తిట్టడం లేదులే. సెలవులకు వచ్చినప్పుడు ఆ ఆదివారం నువ్వు దాంట్లో పెట్టిన కొత్త సిస్టమ్ బాగుంది. పాతది తెరుచుకునేలోపు నేను స్నానం చేసి రావచ్చు. ఇది నొక్కగానే పలుకుతోంది. నీళ్ల సీసాల వివరాలు ఎక్కించడం, చీటీలు ప్రింటు తియ్యడం తొందరగా తెములుతోంది. పరీక్షలు చేసే యంత్రం మాత్రం పాత సిస్టమ్‌తోనే మాట్లాడుతుంది కనక ఆ పాతదీ అదే కంప్యూటర్ డబ్బాలో ఉంచావు. ఆన్ చెయ్యగానే ఏది కావాలంటూ రెండు వరుసలు చూపిస్తుంది. పై వరుస కొత్తది, నాది. కింది వరుస పాతది, మధ్యాహ్నం వచ్చి పరీక్షలు చేసే చుక్కలాయనది.

ఆయన్ని నువ్వు చూడలేదు. ప్రతి సంతకం కింద రెండు చుక్కలు పెడతారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్క రిపోర్టు మీద కూడా ఆ చుక్కలు మర్చిపోలేదని మా ల్యాబ్ నడిపే మేడమే చెప్పింది. మనిషి అంత పద్ధతి. మాట మాత్రం అరుదు. నేను వెళ్లే వేళకు ఆయన వస్తారు, తల ఊపుతారు, అంతే.

గొడవల్లా గడియారంతోనే. పొద్దున ఎనిమిదింటికి నేను తెరిచేసరికి పదకొండు చూపిస్తుంది. గోడ గడియారం చూసి సరిచేస్తాను. రెండింటికి ఆయనకి అప్పగించి ఇంటికి వస్తాను. మర్నాడు పొద్దున మళ్లీ పదకొండు! నెల నుంచీ ఇదే తంతు. మా దాంట్లో టైం అంటే ఆషామాషీ కాదు. వీధి కొళాయిల దగ్గర పట్టిన నీళ్ల సీసా ఎన్నింటికి మా దగ్గరికి వచ్చిందో నేను ఎక్కిస్తాను. పరీక్ష ఎన్నింటికి మొదలైందో ఆయన సిస్టమ్ ఎక్కిస్తుంది. రెండు టైములూ రిపోర్టు మీద పక్కపక్కనే పడతాయి. మధ్యలో ఆరు గంటలు దాటితే ఆ నీళ్లు పారబొయ్యడమే.

అందుకే మొన్న తెర పక్కన చీటీ అంటించాను. "దయచేసి గడియారం మార్చవద్దు." మర్నాడు దాని కింద ఆయన రాత. "నేను మార్చలేదు. సరిచేశాను. మీరు మార్చవద్దు." కింద రెండు చుక్కలు. ఒళ్లు మండిపోయింది.

మీ అన్నయ్య మోకాలు అలాగే ఉంది. డిపోలో బస్సుల కింద దూరే పని ఇంక వద్దన్నారు డాక్టరు. మూడో నెల ఇంట్లోనే. పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుని వెళ్లే ప్రతి బస్సుకీ ఏం జబ్బో చెబుతున్నారు. వినేదాన్ని నేనొక్కదాన్నే.

ఇట్లు,
గడియారం సరిచేసి సరిచేసి వేలు అరిగిన
వదిన


మార్చి 11

వదినా,

నీ ఉత్తరం సరుకుల లారీలో బంగాళాదుంపల బస్తా కింద నలిగి వచ్చింది. కొండల మధ్య ఫోన్ పలకదు. వారానికో లారీ, అదే మాకు పోస్టు. అందుకే రాయలేదు. అంటే రాయకపోవడానికి అదొక్కటే కారణం కాదు. సొరంగంలో యంత్రాల పక్కన పెట్టిన కంప్యూటర్లన్నీ దుమ్ము మింగి దగ్గుతున్నాయి. పన్నెండేసి గంటలు వాటి ముక్కులు తుడవడమే నా పని. బయటికి వచ్చాక చెంచా పట్టుకునే ఓపిక కూడా ఉండటం లేదు.

నీ గడియారానికి మందు తేలిక. డబ్బా లోపల బొత్తామంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు తీసేసినా లోపలి గడియారాన్ని నడిపేది అదే. ముసలిదైపోయి ఉంటుంది. మార్పించు. పది నిమిషాల పని.

బ్యాటరీ మార్చాక కూడా అలాగే ఉంటే మాత్రం ఎవరో చెయ్యి పెడుతున్నట్టే. గడియారం తనంతట తాను మూడు గంటలు గెంతదు కదా! మీ చుక్కలాయనకి నీ మీద ఏమైనా కోపం ఉందేమో కనుక్కో. ఆయన కుర్చీ ఎత్తు నువ్వు మార్చి ఉంటావు. మన ఇంట్లో నా కుర్చీకి చేసినట్టే.

అన్నయ్యని బస్సులు లెక్కపెట్టడం ఆపి వ్యాయామాలు చెయ్యమను. కళ్లు మూసుకుపోతున్నాయి. ఉంటాను.

నీ మరిది


మార్చి 20

అబ్బాయ్,

బ్యాటరీ మార్పించాను. రెండు రోజులు చూశాను. రెండు రోజులూ పొద్దున మళ్లీ పదకొండే.

అంటే నువ్వు చెప్పిందే నిజమైంది. ఎవరో చెయ్యి పెడుతున్నారు. ఆ గదిలో ఉండేది ఇద్దరం. నేను కాదు.

ఈలోగా పెద్దాఫీసు నుంచి నాలుగు రిపోర్టులు ఎర్ర గీతలతో తిరిగి వచ్చాయి. ఒకదాని మీద సీసా వచ్చింది పన్నెండూ పదికి, పరీక్ష మొదలైంది పదకొండూ ఇరవైకి. నీళ్లు రాకముందే పరీక్ష అయిపోయింది! నాలుగూ అలాంటివే. అంటే సీసా మూత కూడా తియ్యకుండా కూర్చున్న చోటే అంకెలు రాసి పారేశారని అర్థం చేసుకున్నారు వాళ్లు. ఆ నీళ్లు తాగేది ఊరు. మేడమ్ మొహం పాలిపోయింది.

ఇద్దర్నీ పిలిచింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. రోజూ గడియారం మారిపోతోందని, బ్యాటరీ కూడా మార్పించామని, కంప్యూటర్లు తెలిసిన మా మరిది ఎవరో కావాలని చేస్తే తప్ప ఇలా జరగదన్నాడని. కాగితం మీద రాసిమ్మంది. రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

ఆయన్ని అడిగింది, "మీరు గడియారం ముట్టుకుంటున్నారా?" అని. ఆయన తడుముకోకుండా "రోజూ మారుస్తున్నానండీ" అన్నారు. "తెరిచేసరికి మూడు గంటలు వెనక ఉంటోంది. సరిచేస్తున్నాను. ఒక్కోసారి పని తొందరలో ఆలస్యంగా చూసుకుంటున్నాను. నేను సరిచేసింది ఆవిడ చెడగొడుతోంది" అన్నారు. మేడమ్ ఇంకేం వినలేదు. ముట్టుకుంటున్నానని నోటితో ఒప్పుకున్నట్టేగా! విచారణ అయ్యేవరకు ఆయన్ని ఇంటి దగ్గర ఉండమంది.

ఆయన కోటు విప్పి మడతపెట్టి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. నా వైపు చూడలేదు. నేను గెలిచినట్టే లెక్క కదా, మరి అన్నం ఎందుకు సయించలేదో తెలియదు. అలసటేమో. మీ అన్నయ్య అడిగితే తలనొప్పని చెప్పాను.

వదిన


మార్చి 21

వదినా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఈ లారీకి ఇది పంపేస్తున్నాను.

నిన్న సొరంగం బయట మొహం కడుక్కుంటుంటే నీ ఉత్తరం గుర్తొచ్చింది. మూడు గంటలని రాశావు. అటూ ఇటూగా మూడా, సరిగ్గా మూడా? నిమిషాలు కూడా తప్పకుండా మూడు గంటలేనా? ముసలి బ్యాటరీ అయితే ఇష్టమొచ్చినట్టు తప్పాలి. రోజూ లెక్కగా ఒకే కొలత తప్పదు. మనిషైనా రోజూ అంత లెక్కగా మారుస్తాడా?

ఇంకో సంగతి. నీ సిస్టమ్‌లో ముందుకి పోతున్నప్పుడు ఆయన దాంట్లో ఎంత చూపిస్తోందో ఎప్పుడైనా చూశావా? చూసి రాయి. నాకేదో అనుమానంగా ఉంది, కానీ ఇక్కడ బుర్ర పనిచెయ్యడం లేదు. అంతవరకు ఎవర్నీ ఏమీ అనకు. పోయిన ఉత్తరంలో నేను ఏదో వాగినట్టు గుర్తు. నిద్రమత్తులో రాశాను.

మేజోళ్లు రెండు జతలు పంపగలవా? ఉన్నవన్నీ బొటనవేలికి కిటికీలు పెట్టుకున్నాయి.

నీ మరిది


మార్చి 30

అబ్బాయ్,

ఎవర్నీ ఏమీ అనకు అని ఇప్పుడు రాస్తావా? అనడమూ అయింది, రాసివ్వడమూ అయింది. నా ఉత్తరం ఈపాటికి నీకు అందే ఉంటుంది.

పైగా నీ అనుమానం అక్కర్లేదు. ఆయన వెళ్లి పది రోజులు దాటింది. ఈ పది రోజుల్లో గడియారం ఒక్క నిమిషం తప్పితే ఒట్టు. పొద్దున ఎనిమిదింటికి తెరిస్తే ఎనిమిదే. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మేడమ్‌కి చూపిస్తే "ఇంకేం, తేలిపోయింది" అంది. పరీక్షలు చేసేవాళ్లు లేక సీసాలన్నీ వేరే ల్యాబ్‌కి పంపుతున్నాం. కింది వరుస జోలికి ఎవరూ పోవడం లేదు.

నువ్వే ముందు ఎవరో చెయ్యి పెడుతున్నారన్నావు. ఇప్పుడు నువ్వే మనిషి అంత లెక్కగా మారుస్తాడా అంటున్నావు. ఏ ఉత్తరంలో మాట నమ్మమంటావు? ఎవరో ముక్కూమొహం తెలియని ఆయన వైపు మాట్లాడటానికి నీకు ఓపిక ఉంది. ఇక్కడ పొద్దున వంట, ల్యాబ్, మీ అన్నయ్యకి కాపడాలు, మళ్లీ వంట. నాకు ఓపిక లేదు.

మేజోళ్లు పంపుతున్నాను. మూడు జతలు.

వదిన


ఏప్రిల్ 6

వదినా,

ముందు కూర్చో. అన్నయ్యని కూడా పక్కన కూర్చోబెట్టుకో.

ఆయన చెయ్యి పెట్టలేదు. నువ్వూ చెడగొట్టలేదు. తప్పు నాది.

డబ్బా లోపల ఒక చిన్న గడియారం ఉంటుందన్నాను కదా. అది అంకెలు చూపిస్తుంది కానీ అవి ఎక్కడి టైమో చెప్పదు. పాత సిస్టమ్ దాన్ని చూసి, ఇదే మన గోడ మీది టైం అనుకుంటుంది. కొత్త సిస్టమ్ అదే గడియారాన్ని చూసి, ఇది లోకానికంతటికీ ఉమ్మడి టైం, దీనికి మూడు గంటలు కలపాలి అనుకుంటుంది; మనకి కలపాల్సింది అయిదున్నర, కానీ ఆ ఆదివారం తొందరలో నేను దేశం కూడా తప్పు ఎంచినట్టున్నాను. కలిపి చూపిస్తుంది. నువ్వు ముందుకి పోయిందనుకుని సరిచేస్తావు. అప్పుడు కొత్త సిస్టమ్ లోపలి గడియారాన్ని మూడు గంటలు వెనక్కి తిప్పిపెడుతుంది. మధ్యాహ్నం ఆయన తెరిస్తే మూడు గంటలు వెనక. ఆయన సరిచేస్తారు. పొద్దున నీకు మూడు గంటలు ముందు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరూ రోజూ ఒకరి పని ఒకరు పాడుచేస్తున్నారు, తెలియక.

ఆయన వెళ్లాక గడియారం తప్పలేదని రాశావు. తప్పదు. కింది వరుస తెరిచి సరిచేసేవాళ్లు లేరు కదా! ఆ ముక్క చదవగానే నాకు మొత్తం అర్థమైంది. చేతిలో ఉన్న టీ అలాగే చల్లారిపోయింది.

ఇది నాకు తెలియని విద్య కాదు వదినా. రెండు సిస్టమ్‌లు పెట్టిన ప్రతిసారీ ఒక్క ఆజ్ఞ వరుస కొట్టాలి. ఆ ఆదివారం బస్సుకి టైమైపోతోందని కొట్టకుండా లేచాను. ఆ తర్వాత నువ్వు అడిగితే ఒళ్లు హూనమై ఉండి, ఆలోచించకుండా బ్యాటరీ అని రాసి పారేశాను. ఆ పైన ఆ వెధవ మాట ఒకటి. దాన్ని పట్టుకుని నువ్వు కాగితం రాసిచ్చావు.

నమ్మకపోతే నువ్వే చూడు. కింది వరుస తెరువు. వెనక ఉంటుంది. సరిచెయ్యి. ఆపెయ్యి. పై వరుస తెరువు. చూశాక, పై వరుసలోనే ఆజ్ఞలు కొట్టే నల్ల తెర తెరిచి ఇది కొట్టు. అక్షరం తేడా రాకూడదు:

timedatectl set-local-rtc 1

లోపలి గడియారంలో ఉన్నది మన టైమే, ఏమీ కలపకు అని చెప్పడం అది. తర్వాత ఒక్కసారి టైం సరిచేసి ఆపెయ్యి. ఇంక జన్మలో తప్పదు. చివర 1 బదులు 0 కొడితే మళ్లీ పాత రోగమే వస్తుంది.

వెంటనే మేడమ్‌కి చెప్పు. మా మరిది సరిగ్గా పెట్టలేదని చెప్పు. కొత్త సిస్టమ్‌కి పర్మిషన్ ఉందన్నావు కాబట్టి నీకేం కాదు. ఆయన్ని వెనక్కి పిలుస్తారు. నా తరఫున ఆయనకి... ఏం చెప్పాలో తెలియడం లేదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు.

నీ మరిది


ఏప్రిల్ 13

అబ్బాయ్,

శనివారం మధ్యాహ్నం అందరూ వెళ్లాక చేసి చూశాను. తలుపు వేసి గడియ పెట్టాను. కింది వరుస తెరిచాను. మూడు గంటలు వెనక. ఆయన చేసినట్టే సరిచేశాను. ఆపేసి నాది తెరిచాను. మూడు గంటలు ముందు. గదిలో నేనొక్కదాన్నే. ఎవరూ చెయ్యి పెట్టలేదు. 

నువ్వు రాసిన వరుస కొట్టాను. ఇప్పుడు రెండూ సరిగ్గా ఉన్నాయి. పది సార్లు మార్చి మార్చి చూశాను.

ఇప్పుడు నేను చెప్పేది విను. పర్మిషన్ లేదు. నీతో అబద్ధం చెప్పాను. ఆ పాత సిస్టమ్‌తో రోజూ వేగలేక, అడిగితే మేడమ్ ఆరు నెలలు తిప్పుతుందని, నువ్వు ఉండేది రెండు రోజులేనని, పర్మిషన్ ఉందని చెప్పేశాను. పరీక్షల యంత్రం ఉన్న కంప్యూటర్‌ని బయటివాళ్లు ముట్టుకోకూడదని మాకు రూలు. మేడమ్ ఎప్పుడూ దాని ముందు కూర్చోదు కాబట్టి తెలియలేదు. చుక్కలాయన ఎవరు పెట్టారని అడగలేదు. నాది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఈ నెలాఖరుకి పొడిగించాలి. మీ అన్నయ్య మోకాలి సంగతి నీకు తెలుసు. ఇప్పుడు ఈ ఇంట్లోంచి పనికి వెళ్లేది నేనొక్కదాన్నే.

ఇంక ఎలాగూ గడియారం బాగైంది, విచారణలో ఆయనకి ఏదో మందలింపు ఇచ్చి వదిలేస్తారులే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. దాచడం దేనికి. ఆ ధైర్యంతోనే నిన్న వాళ్లింటికి వెళ్లాను, ఊరికే పలకరించి వద్దామని.

దర్జీ కొట్టు మీద రెండు గదులు. తలుపు వెనక చీటీ: "తాళం వేశాను. 9.10." పొయ్యి పైన చీటీ: "ఆపాను. 12.40." మందుల డబ్బా మీద, కొళాయి మీద, అద్దం మీద. అన్నింటి కిందా రెండేసి చుక్కలు. నేను చూడటం చూసి వాళ్లావిడ గొంతు తగ్గించి, "మతిమరుపు మొదలైందని భయపడుతున్నారమ్మా. డాక్టరు తలకి పరీక్షలు రాశాడు" అంది.

ఆయన నాకు కుర్చీ వేశారు. టీ ఇప్పించారు. "నీ తప్పేం లేదమ్మా" అన్నారు. "నేను గడియారం రోజూ సరిచేశాననే అనుకుంటున్నాను. కళ్లకి కట్టినట్టు గుర్తుంది. కానీ నేను వచ్చేశాక అది సరిగ్గా నడుస్తోందట. అంటే నేను సరిచెయ్యలేదన్నమాట. చేశాననుకుని చెడగొట్టాను. ఇంకెన్ని అలా చేశానో! ఆ నీళ్లు నిజంగా పరీక్ష చేశానో లేదో కూడా ఇప్పుడు చెప్పలేకపోతున్నాను." ఇరవై నాలుగో తేదీ విచారణలో తప్పంతా తనదేనని సంతకం పెట్టి, ఉద్యోగం మానేస్తానన్నారు.

అబ్బాయ్, నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. నీళ్లు నమిలి, టీ తాగి, వచ్చేశాను. 

ఏం చెయ్యమంటావు?

వదిన


ఏప్రిల్ 18

వదినా,

లారీ కదులుతోంది. డ్రైవర్ని బతిమాలి ఆపి రాస్తున్నాను.

నువ్వేం చెప్పకు. దీంతోపాటు ఇంకో కాగితం పెట్టాను. మేడమ్ పేరు మీద. నువ్వు భోజనానికి వెళ్లినప్పుడు, నీకు తెలియకుండా, నా సొంత తెలివితో ఆ కంప్యూటర్‌లో కొత్త సిస్టమ్ పెట్టానని, గడియారం దానివల్లే చెడిందని, పరీక్షలు చేసే ఆయనకి ఏ పాపమూ తెలియదని రాసి సంతకం పెట్టాను. అది ఇచ్చెయ్యి. ఆయన బయటపడతారు. నువ్వూ బయటపడతావు. నన్ను ఏం చేస్తారు, ఈ కొండల్లోకి వచ్చి పట్టుకుంటారా?

నాకు పన్నెండేళ్లప్పుడు ఈ ఇంటికి వచ్చావు. నేను చేసిన ప్రతి వెధవ పనినీ నాన్న దగ్గర నీ మీద వేసుకునేదానివి. ఈ ఒక్కటీ నన్ను వేసుకోనీ.

నీ మరిది


ఏప్రిల్ 25

చిరంజీవి మరిదికి,

నీ కాగితం విచారణ రోజు పొద్దునే అందింది. చదివి సంచిలో పెట్టుకుని వెళ్లాను. సంచిలోనే ఉంచాను. ఇవ్వలేదు. కోప్పడకు.

ఇచ్చేదాన్నే. దారంతా అదే అనుకుంటూ వెళ్లాను. తీరా అక్కడ ఆయన వాళ్లావిడ చెయ్యి పట్టుకుని కూర్చుని ఉన్నారు. రోజూ సొంతంగా మెట్లెక్కి వచ్చే మనిషి, ఆవిడ నడిపిస్తే వచ్చారట. ఆ మనిషికి కాగితం ఏం చెబుతుంది? తన మీద జాలిపడి ఎవరో రాశారనుకుంటారు. ఆయన కళ్లతో ఆయన చూడాలి. చూపించాలంటే నేను చూపించాలి. నాకు ఎలా తెలుసని అడుగుతారు. అడిగారు కూడా.

మేడమ్‌తో, పెద్దాఫీసు నుంచి వచ్చిన ఇద్దరితో అంతా చెప్పాను. పర్మిషన్ లేకుండా నేనే పెట్టించానని, ఆయన మీద కాగితం ఏమీ తెలియకుండా రాసిచ్చానని, తెలిశాక కూడా పన్నెండు రోజులు నోరు మూసుకున్నానని. మేడమ్ చాలాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చుంది. నాకు ఉద్యోగం ఈ నెలాఖరు వరకే. పొడిగించరు. ఆయన సోమవారం నుంచి పనిలోకి రావచ్చు. ఇంటికి వచ్చి మీ అన్నయ్యతో చెబితే, డిపోలో టికెట్ల లెక్క చూసే బల్ల ఖాళీగా ఉందన్నారు, కూర్చుని చేసే పనేగా, రేపు వెళ్లి అడుగుతానన్నారు. మూడు నెలల తర్వాత ఆయనే లేచి చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు. ఎలాగో గడుస్తుంది. నువ్వేం బెంగపెట్టుకోకు.

అసలు సంగతి చెప్పాలి. అందర్నీ కంప్యూటర్ గదిలోకి తీసుకెళ్లాను. చివర 0 పెట్టి ఆ వరుస కొట్టి, పాత రోగం మళ్లీ రప్పించాను. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, "కింది వరుస తెరిచి టైం చూడండి" అన్నాను. మూడు గంటలు వెనక ఉంది. "సరిచెయ్యండి" అన్నాను.  గోడ గడియారం చూసి సరిచేశారు. ఆపి, పై వరుస తెరిచారు. మూడు గంటలు ముందు!

 ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. "ఇంకోసారి" అన్నారు.

పై వరుసలో నేను సరిచేసి ఇచ్చాను. ఈసారి నన్ను గోడ దగ్గర నిలబడమన్నారు, చేతులు కట్టుకుని. ఆయనే ఆపారు, ఆయనే తెరిచారు, ఆయనే సరిచేశారు. మళ్లీ అంతే. మూడోసారి వాళ్లావిడని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఇదిగో చూడు, ఇప్పుడు నేను సరిచేస్తున్నాను. రెండూ ఇరవై. చూశావా? నువ్వు చెప్పు, ఎంత ఉంది?" ఆవిడ "రెండూ ఇరవై" అంది. ఆపి తెరిస్తే అయిదూ ఇరవై రెండు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఆయన తెర మీంచి కళ్లు తిప్పకుండా, "అయితే నేను సరిచేశాను" అన్నారు. పెద్దాఫీసు ఆయన ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపి, మళ్లీ అన్నారు. "రోజూ సరిచేశాను."

మళ్లీ 1 కొట్టి మామూలుగా పెట్టేశాను. వెళ్లేటప్పుడు వరండాలో ఆయన దగ్గరికి వెళ్లి, "నన్ను క్షమించమని అడిగే మొహం నాకు లేదండీ" అన్నాను. నీ తరఫున కూడా చెప్పాను. ఆయన క్షమించాననలేదు, తిట్టనూ లేదు. 

"నెల రోజులుగా పొద్దున లేవగానే నా పేరు నేను పైకి చెప్పుకుని చూసుకుంటున్నానమ్మా" అన్నారు. వాళ్లావిడ చెయ్యి అందించబోతే వద్దని, మెట్లు ఒక్కరే దిగి వెళ్లారు.

వదిన